పూతరేకు మీద కాగితం

రాజమండ్రిలో మాకు ఒక ఫిల్మ్ సొసైటీ ఉండేది. దానవాయిపేటలో ఒక ట్యూషన్ సెంటరు మేడ మీది హాల్లో నెలకోసారి ఆదివారం సాయంత్రం ఏదో ఒక పరాయి దేశపు సినిమా వేసేవారు. మా వారు శశిభూషణ్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు, ఆ సొసైటీకి కార్యదర్శి. తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపే మాయమైపోతున్నాయని సభ్యులు గొడవ చేస్తే ఆయన ఒక పద్ధతి పెట్టారు. తెర పక్కన ఒకరు చిన్న లైటు పెట్టుకుని కూర్చుని, పాత్రలు మాట్లాడుతుంటే ఆ మాటలు తెలుగులో పైకి చదవాలి. మొదట ఆయనే చదివారు. వ్యాకరణం పాఠంలా ఉందని జనం ఆవులించారు. ఆ తరవాత ఆ పని నాకు వచ్చింది. ముందుగా ఇంట్లో సినిమా చూసి, మాటలు తెలుగులో రాసుకుని, ఒకటికి రెండుసార్లు పైకి చదివి చూసుకునేదాన్ని.

ఆ ఏడు ఏప్రిల్‌లో వచ్చినది పాత ఫ్రెంచి సినిమా, నలుపూ తెలుపూ. పేరు మా వారు పలికినట్టు నాకు పలకడం రాదు. కథ చాలా చిన్నది. పట్నంలో ఒక గొప్పింటి వితంతువు ఉంటుంది. వయసు మళ్లుతున్నా అందం మీద, మాట మీద ఆవిడకి విపరీతమైన నమ్మకం. ప్రతి గురువారం పదిమందిని భోజనానికి పిలిచి, తన మాటలతో నవ్విస్తుంది. ఆ ఇంటికి దూరపు చుట్టం, లూసీ అనే పల్లెటూరి పిల్ల, తోడుగా ఉండడానికి వస్తుంది. అంతే. హత్యలు లేవు, ఏడుపులు లేవు. ఎవరూ గొంతు పెంచరు. వాళ్లు ఒకళ్లనొకళ్లు చంపుకునేది మర్యాదతో.

నాకు బాగా నచ్చిందేమిటంటే, ఆ దర్శకుడు ఎవర్ని చూసి అసహ్యించుకోవాలో మనకి చెప్పడు. నవ్వే వాళ్ల ముఖాలు చూపించడు. ఎవర్ని చూసి నవ్వుతున్నారో ఆ పిల్ల ముఖం చూపిస్తాడు. నవ్వు పక్కనుంచి వినబడుతుంది. పాట గానీ, వెనక సంగీతం గానీ లేదు. చెంచాలు పళ్లేలకి తగిలే చప్పుడు మాత్రమే.

ఆ గొప్పింటావిడ మాటలు తెలుగు చెయ్యడం దగ్గరే నేను ఆగిపోయాను. కింద పడే ఇంగ్లీషు మూడు ముక్కలు: ఆ పిల్లకి తెలియదు, పాపం, అని. అలాగే రాస్తే ఆవిడ మంచిదైపోతోంది. నాలుగైదు రకాలుగా రాసి కొట్టేశాక ఒక మధ్యాహ్నం దానంతటదే కుదిరింది. "పాపం, తెలియదండి దానికి. మనమేం అనుకోకూడదు." ఇక అక్కణ్ణించి ఆవిడ మాటలన్నీ కాలవలో నీళ్లలా వచ్చేశాయి. ఎక్కణ్ణించి వస్తున్నాయో నేను ఆలోచించలేదు.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక మూట కట్టడం జరుగుతోంది.

మా అత్తగారు మాణిక్యాంబ. ఆవిడ తోడికోడలు చిట్టెమ్మ, నాకు చిన్నత్తయ్య. మామగార్లిద్దరూ పోయాక కింద వాటాలో మేమూ, మేడ మీద గదిలో చిన్నత్తయ్యా ఉంటున్నాం. చిన్నత్తయ్య కూతురు కౌముదిని తునిలో ఇచ్చారు. మాఘమాసంలో కౌముది కూతురి నిశ్చితార్థం మా హాల్లోనే జరిగింది. పెళ్లికొడుకు వాళ్లది పెనుగొండ. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని ఇక్కడ పెట్టుకున్నారు.

మా అత్తగారున్న చోట మరొకరు మాట్లాడరు, ఆవిడ మాట వింటారు. ఎటకారంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. ముందు 'అండి' తగిలిస్తుంది, ఆ తరవాతే గుచ్చుతుంది. ఏ శుభకార్యానికి వెళ్లినా భోజనాలయ్యాక ఎవరో ఒకరు, "మాణిక్యాంబగారూ, ఆ పూతరేకు కథ చెప్పండి" అని అడగాల్సిందే. చిన్నత్తయ్యది తుని అవతల మెట్ట ఊరు. కాపరానికొచ్చిన కొత్తలో ఆత్రేయపురం నుంచి పూతరేకులు వచ్చాయట. ఆవిడ అంతకు ముందు వాటిని చూసి ఎరగదు. పైనున్న రేకంతా కాగితం అనుకుని ఒలిచి పారేసి, లోపలి పంచదార నాకి, "మిఠాయి బాగుంది, కానీ కాగితం ఎక్కువ చుట్టారు" అందట. ఆ చివరి మాట మా అత్తగారు మెట్ట యాసలో అంటుంది. జనం పొట్టలు పట్టుకుంటారు. అప్పుడు ఆవిడ చిన్నత్తయ్య వైపు తిరిగి మెత్తగా, "పాపం, తెలియదండి దానికి" అని ముగిస్తుంది. చిన్నత్తయ్య కూడా నవ్వుతుంది. నలభై ఏళ్లకి పైగా నవ్వుతూనే ఉంది.

నిశ్చితార్థం రోజున కూడా మా అత్తగారు ఆ కథ చెప్పింది, చిన్నత్తయ్య నవ్వింది. తాంబూలాల వేళ పెళ్లికొడుకు మేనమామ పూతరేకుల పళ్లెం పట్టుకొచ్చి ఆవిడ ముందు వంగి, "ఏమండీ పిన్నిగారూ, కాగితం తీసి పెట్టమంటారా?" అన్నాడు. హాలు గొల్లుమంది. కౌముది మాత్రం నవ్వలేదు. సాయంత్రం వెళ్తూ తల్లితో, "అమ్మా, పెళ్లికి ముందే వచ్చి నిన్ను తీసుకెళ్లిపోతాను. ఇంక మా ఇంట్లోనే ఉందువు గాని" అంది. చిన్నత్తయ్య సరేనంది.

ఆ సంగతి తెలిసినప్పుడు మా అత్తగారు, "వెళ్లనీయండి. కూతురింట్లో మహారాణి భోగం" అంది. వద్దని మాత్రం అనలేదు. ఉండమని ఒకర్ని అడగడం ఆవిడకి చేతకాదు. కానీ చిన్నత్తయ్య వెళ్లిపోతే ఏమవుతుందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఈ మధ్య మా అత్తగారికి పేర్లు జారిపోతున్నాయి. ఎంత ధాటీగా మాట్లాడుతున్నా మధ్యలో ఎవరి పేరో తట్టక ఆగుతుంది. వెనక కూర్చున్న చిన్నత్తయ్య తమలపాకు ఈనె తీస్తూనో, పూలు కడుతూనో, ఆ పేరు గొణిగినట్టుగా అందిస్తుంది. మా అత్తగారు తనకే గుర్తొచ్చినట్టు సాగిపోతుంది. వాళ్లిద్దరి మధ్య ఆ ఏర్పాటు గురించి ఒక్క మాటా జరగలేదనుకుంటాను.

కౌముది శనివారం వస్తానని ఫోను చేసింది. బుధవారం మధ్యాహ్నం నేను సినిమా పైకి చదివి చూసుకోవాలి. వినడానికి మనుషులుంటే మంచిదని ఇద్దరు అత్తగార్లనీ టీవీ ముందు కూర్చోబెట్టాను. తలుపులు మూసి, వీసీడీ పెట్టి, నేను పక్కన పీట మీద కూర్చున్నాను.

"అంత పెద్ద ఇంట్లో ఒక్క ఫ్యాను లేదేంటే?" అంది మా అత్తగారు.

"చలి దేశం కదక్కయ్యా."

"చలైతే ఆవిడ భుజాలు చూడు, రెండూ బయటే."

"కుర్చీలకి గుడ్డలు తొడగలేదు. మాసిపోవూ?" చిన్నత్తయ్య దిగులు చిన్నత్తయ్యది.

నేను చదువుతున్నాను. లూసీ వచ్చింది, చేతిలో చిన్న పెట్టె. గొప్పింటావిడ ఆ పిల్లని కిందినుంచి పైకి చూసి నవ్వింది. గురువారం వచ్చింది. అతిథులు కూర్చున్నారు. హాలు బయట గొప్పింటావిడ ఆ పిల్ల చెవి దగ్గర వంగి, "మా ఇంట్లో ఆడవాళ్లు చెప్పులు విప్పే లోపలికి వస్తారమ్మా. పోయినాయన మీద గౌరవం" అంది. ఆ పిల్ల నమ్మింది. జోళ్లు విప్పి, అద్దంలాంటి గచ్చు మీద వట్టి కాళ్లతో అంతమంది మధ్యకి నడిచి వచ్చింది. పక్కనుంచి నవ్వు లేచింది. తెర మీద ఆ పిల్ల ముఖం. గొప్పింటావిడ గొంతు మెత్తగా వినిపించింది.

నేను చదివాను. "పాపం, తెలియదండి దానికి. మనమేం అనుకోకూడదు. మన గచ్చు మాసిపోతుందనుకుంది."

రాసుకున్నప్పుడు తట్టనిది పైకి చదివితే తట్టింది. నా నోట్లోంచి వచ్చింది మా అత్తగారి గొంతు. 'దానికి' దగ్గర ఆవిడ పట్టే ఆ చిన్న విరుపుతో సహా వచ్చింది. నేను తల ఎత్తలేదు. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి, చదువుతూ పోయాను. ఆ తరవాత ప్రతి గురువారం గొప్పింటావిడ ఆ చెప్పుల కథే చెబుతుంది. ప్రతిసారీ కొంచెం కలుపుతుంది. ప్రతిసారీ ఆ పిల్ల అక్కడే ఉంటుంది.

మూడోసారి చెబుతుండగా చిన్నత్తయ్య టీవీ వైపే చూస్తూ అంది. "చెప్పులు విప్పమన్నది ఆవిడే కదమ్మా. ఆ ముక్క ఎవరికీ చెప్పదేం?"

అప్పటికి మొదటి డిస్కు అయిపోయింది. తెర నీలంగా మారింది. రెండోది పెట్టడానికి నేను లేచాను.

"చాల్లే, ఆపు. తలనొప్పి" అంది మా అత్తగారు.

"ఆపకమ్మా" అంది చిన్నత్తయ్య. ఆవిడ మా అత్తగారి మాటకి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. "ఆ పిల్ల ఏమవుతుందో చూద్దాం. ఉండక్కయ్యా."

మా అత్తగారు ఉంది.

రెండో సగంలో ఏళ్లు గడుస్తాయి. గొప్పింటావిడ మెడ మీద ముడతలు పడతాయి. గురువారం నాడు లూసీ వెనక నిలబడి ఆ మెడకి పౌడరు రాస్తుంది, దీపం వెలుగులో ఎక్కడ కనబడుతుందో చూసి చూసి. చివరికి ఒక పొద్దున్న ఆ పిల్ల తన పెట్టె తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోతుంది. ఎందుకో చెప్పదు. ఆ రోజు గురువారమే. గొప్పింటావిడ భోజనాల దగ్గర చెప్పుల కథ మొదలు పెడుతుంది. అలవాటుగా ఆ పిల్ల నిలబడే చోటు వైపు తిరుగుతుంది. ఎవరూ లేరు. అతిథులు చెంచాలు కింద పెట్టి ఎదురు చూస్తున్నారు. కెమెరా మొదటిసారి ఆవిడ ముఖం మీద ఆగి, ఆవిడ కళ్లు దించేదాకా కదలదు. అంతే సినిమా.

నేను చదవడానికి ఏమీ లేదు. చిన్నత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ పిల్ల సుఖపడే ఉంటుందిలెండి చిన్నత్తయ్యా" అన్నాను.

"పిల్లకేమే, కాళ్లున్నాయి, వెళ్లిపోయింది. ఆవిడ గురించే నా బాధ. ఇంక ఆవిడ మెడకి పౌడరు ఎవరు రాస్తారు? ఎవరికి వాళ్లకి వెనక కనబడదు కదా."

మా అత్తగారు లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం కాఫీ పట్టుకెళ్లాను. ఆవిడ నూతి పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. గ్లాసు అందుకుని, నా వైపు చూడకుండా, "తియ్యమన్నది నేనే" అంది.

"ఏంటండీ?"

"కాగితం."

నేను కింద మెట్టు మీద కూర్చున్నాను.

"అది కాపరానికి వచ్చి పది రోజులు కాలేదు. నాకంటే తెలుపు. ఊళ్లో వాళ్లంతా దాన్ని చూడ్డానికే వచ్చేవారు. అంతకు ముందు దాకా నన్ను చూసిన వాళ్లే. పూతరేకు చేతిలో పెడితే ఎలా తినాలని నన్నే అడిగింది, అక్కయ్యా అక్కయ్యా అంటూ. పైన కాగితం తీసేసి తినాలే అన్నాను. నవ్వుతాలుకి. అది తీసేసింది." కాఫీ చల్లారిపోతోంది. "మా మామగారు చూసి నవ్వారు. ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకోసారి నవ్వించాలనిపించింది. మర్నాడు చెప్పాను. ఆ తరవాత ఇంక... అందరూ అడిగేవారు కదే."

"చిన్నత్తయ్య ఎప్పుడూ అనలేదా?"

"అనలేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను. మరిచిపోలేదు చూశావా."

మా వారు కాలేజీ నుంచి వచ్చి, "రిహార్సల్ ఎలా జరిగిందోయ్?" అన్నారు. బాగానే జరిగిందనీ, గొప్పింటావిడ మాటలు కొన్ని మార్చాలనీ అన్నాను. లోపల్నించి మా అత్తగారు విన్నది.

"మార్చకు" అంది వచ్చి. "ఆ 'పాపం, తెలియదండి' తియ్యకు. అలాంటివాళ్లు అలాగే అంటారు. అదే సరైన మాట."

మా వారు ఆవిడనీ నన్నూ మార్చి మార్చి చూశారు. తల్లి సినిమా గురించి సలహా ఇవ్వడం ఆయన ఎరగరు.

శనివారం కౌముది వచ్చింది. చిన్నత్తయ్య సామాను మేడ మీంచి దింపారు. రెండు సంచులూ, ఒక ట్రంకు పెట్టే. హాల్లో వాటిని చూస్తే ఇంతకాలం ఆవిడ ఇంత తక్కువలో ఎలా బతికిందా అనిపించింది. కౌముది పెద్దమ్మతో ముభావంగా ఉంది. కాఫీలయ్యాయి. ఆటో కోసం మా వారు వీధిలోకి వెళ్లబోతుంటే మా అత్తగారు, "ఉండరా. ఉమా, పెనుగొండ నంబరు కలుపు" అంది.

"పెనుగొండేంటి పెద్దమ్మా ఇప్పుడు?" కౌముది ముఖం చిట్లించింది. "పెళ్లికొడుకు వాళ్లకా?"

నేను కలిపి ఇచ్చాను. మా అత్తగారు రిసీవరు చెవికి పెట్టుకుని, నోరు తెరిచి ఆగిపోయింది. పెళ్లికొడుకు తల్లి పేరు తట్టలేదు. చిన్నత్తయ్య సంచీ ముడి బిగిస్తూ, "సత్యవాణి" అంది నెమ్మదిగా.

"సత్యవాణిగారేనా అండి? నేనండి, రాజమండ్రి నుంచి. మాణిక్యాంబని. ఆఁ, అంతా కులాసా. ఆ రోజు మా చిట్టెమ్మ పూతరేకు కథ చెప్పాను కదండీ... ఆ, అదే. అప్పుడే నవ్వకండి, వినండి. అందులో ఒక ముక్క చెప్పలేదు. ఆ కాగితం తియ్యమని దానికి చెప్పింది నేనండి... నేను. చెప్పాను... కాదండీ, పూతరేకులు ఎన్ని కావాలని కాదు. పెళ్లి పూతరేకుల సంగతి కాదండీ బాబూ!" ఆవిడ గొంతు పెరిగింది. చెమటలు పడుతున్నాయి. "అప్పటి సంగతండి. దానికి తెలియక కాదు. కొత్త కోడలు కదా, పెద్ద తోడికోడలు చెప్పింది కదా అని నా మాట విని తీసేసింది. నేనే దాన్ని అందరి ముందూ... ఆఁ. అదీ. మీ అన్నయ్యగారికి కూడా చెప్పండి. కాగితం తీసి పెట్టమంటారా అన్నాడే, ఆయనకి. మరిచిపోకండేం."

పెట్టేసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ చెప్పిన కథకి ఎవరూ నవ్వలేదు. అవతల ఆవిడకి ఎంత అర్థమైందో కూడా తెలియదు.

కౌముది తల్లి వైపు తిరిగింది. "నిజమా అమ్మా? మరి నువ్వెప్పుడూ చెప్పలేదేంటి? చిన్నప్పుడు బళ్లో నన్ను కాగితం పిల్లా అని ఏడిపించేవారు. నీకు తెలుసు కదా."

"అప్పుడు చెబితే మీ తాతగారు అక్కయ్యని తిట్టేవారు. ఆ తరవాత చెబితే ఎవరు నమ్ముతారే?" చిన్నత్తయ్య కూతురి చెయ్యి పట్టుకుంది. "నీకు చెప్పాల్సింది. అది మాత్రం నిజమే."

ఆ తరవాత చిన్నత్తయ్యే మా అత్తగారి దగ్గరకి వెళ్లి, కొంగుతో ఆవిడ నుదుటి చెమట తుడిచింది.

"కథ చెడగొట్టేశావక్కయ్యా. అన్నేళ్లు చెప్పిన కథ. ఇంక ఎవరూ అడగరు."

"అడక్కపోతే మానేస్తారు."

"పోనీ, సత్యవాణి పెళ్లికి పూతరేకులు ఎక్కువ పంపిస్తుందిలే, నువ్వు చేసిన గొడవకి."

కౌముది ఫక్కుమని నవ్వింది. ముందు తనకే ఆశ్చర్యం వేసినట్టుంది. మా అత్తగారికి ఉక్రోషం వచ్చింది, ఆ వెంటనే పోయింది. నలుగురిలో తనని చూసి నవ్వితే ఎలా ఉండాలో ఆవిడకి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు సర్దుకుంది.

అయినా చిన్నత్తయ్య ఆగలేదు. ఆగుతుందేమోనని నేను అనుకున్నాను. మా వారు ఆటో తెచ్చారు. సామాను ఎక్కించారు. అత్తగారు గేటు దాకా వచ్చింది. మామూలుగా ఆవిడ ఎవర్నయినా గడప దగ్గరే సాగనంపుతుంది.

"ఎప్పుడొస్తావు?" అంది.

"పెళ్లి కానీ అక్కయ్యా. పిల్ల పెళ్లి, పని ఉండదూ? తరవాత చూద్దాం."

"చూద్దాం అంటే?"

చిన్నత్తయ్య ఆటోలో కూర్చుని చీర కుచ్చిళ్లు లోపలికి లాక్కుంది. "అంటే నువ్వొచ్చి తీసుకెళ్లాలి. ఊరికే రాను. కౌముది అత్తవారింటికి వచ్చి, మా చిట్టిని పంపించండి అని అడగాలి."

"నేను అడగాలా?"

"నువ్వే. అండి పెట్టి అడుగు, నీకు బాగా వచ్చు కదా."

కౌముది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆటో కదిలింది. ఎండలో దుమ్ము లేచి, మలుపు దగ్గర కాసేపు ఆగి, తగ్గింది. మా అత్తగారు గేటు కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. ఎండ తగులుతుంది లోపలికి రండి అన్నాను. ఆవిడ వినలేదు.

"తునికి పొద్దున్న బండేదో ఉండాలి. ఎన్నింటికి?"

"పెళ్లికి ఇంకా నెల ఉందండి అత్తయ్యగారూ."

"పెళ్లికని నేనన్నానా? బండి ఎన్నింటికో కనుక్కోమన్నాను" అంది ఆవిడ.